కారం పోయిన చెయ్యి

మిర్చి కోతల కాలంల వెలగలగుంపు ఆడోళ్లకు కోడికూతతో పనిలేదు. బొజ్జయ్య ట్రాలీ హారనే వాళ్లకు కోడి. అది ఊరు మొదట్ల ఒకపారి, గంగక్క ఇంటి ముంగట ఒకపారి మోగుతది. రెండోపారి మోగేలోపు సద్దిగిన్నె మూటగట్టుకొని, చీర మీద మొగోళ్ల పాత చొక్కా తొడుక్కొని, తలకు తువ్వాల చుట్టుకొని బండి ఎక్కాలె. జర ఆలస్యమయితే బొజ్జయ్య ఊకోడు. "మీ అయ్య బండి అనుకున్నరా?" అంటడు. ఆ మాటకొస్తే బండి బొజ్జయ్య అయ్యది కూడా కాదు. కల్లూరు అవతల మిర్చితోట ఉన్న పద్మావతమ్మది. తోట ఆమెది, బండి ఆమెది, పోసే డీజిలు ఆమెది. కూలోళ్లను తెచ్చి, కోయించి, మళ్ల ఇండ్లల్ల దించే మేస్త్రీ పెత్తనం ఒక్కటే బొజ్జయ్యది. ఆ ఒక్కదానికే మనిషి కాళ్లు నేల మీద ఆనేటియి కాదు.

అడవి బాట దిగి రోడ్డెక్కేదాకా బండి ఎగిరెగిరి పడ్తది. ఆడోళ్లు ఒకరి మీద ఒకరు పడుకుంట, తిట్టుకుంట, నవ్వుకుంట పోతరు. అందరికన్న ఎక్కువ నోరు ముత్యాలుది. జంపయ్య పెండ్లాం. ఇంట్ల మొగుడు, అత్త, ఇంటరు అయిపోయి ఖాళీగ ఉన్న చెల్లె శ్యామల. తల్లి పోయినంక చెల్లెను ముత్యాలు తన కాడికే తెచ్చుకున్నది. ముత్యాలు ఒక సాలు పట్టిందంటే పక్క సాలు మనిషి ఆమెను అందుకునేది కాదు, చేతులు అట్ల ఆడేటియి.

మాఘంల, సంత రోజు, మధ్యాహ్నం పూట, బొజ్జయ్య ఆమెను తాగే నీళ్లు తెమ్మని మోటరు షెడ్డు కాడికి పంపిండు. ఎనకనే తనూ పోయిండు. షెడ్డుల ఆమెను చెరిచిండు. ఈ ముక్కను సుట్టు తిప్పి చెప్పుట్ల ఎవరికీ లాభం లేదు. జరిగింది అది.

ముత్యాలు అరవలేదు. వాడు పోయినంక క్యాను నింపింది, నెత్తిన పెట్టుకొని తెచ్చింది, అందరికీ పోసింది, మళ్ల సాలుల వంగింది. పొద్దు గుంకేదాకా కాయ కోసింది. తిరిగొచ్చేటప్పుడు బండిల తోటికూలి చాంది తన మొగుడు బర్రెను తోలబోయి బురదల పడ్డ ముచ్చట చెప్తే అందరితోటి పాటు నవ్వింది కూడా. తర్వాత ఆ నవ్వే ఆమె మెడకు సుట్టుకున్నది.

ఇంటికొచ్చి తానం చేసింది. కొంగుల తెచ్చుకున్న మిరపకాయలు పిడికెడు తుంచి పప్పుచారు పెట్టింది. జంపయ్య ముద్ద నోట్ల పెట్టుకొని ఆగిండు.

"కారం ఎయ్యలేదా?"

"ఏసిన."

అత్త గిన్నెల నుంచి మిరపకాయ తీసి కొరికింది. పచ్చి కాయ ఇంకోటి కొరికింది. "దోసకాయ ఉన్నట్టుంది" అన్నది. శ్యామల తోటకాడి నుంచి వచ్చిన కాయనంత ఒక్కొక్కటి నాలికకు రాసి చూసింది. ఒక్కదాంట్ల కూడా మంట లేదు. తెల్లారి ముత్యాలు కోసుకొచ్చినయి కూడా అంతే. ఎర్రగ, నిగనిగలాడుకుంట, బజారుల పెడితే కండ్లు చెదిరేటట్టు ఉన్నయి. నోట్ల పెట్టుకుంటే నీళ్లు.

వెలగలగుంపుల ఇసుంటియి ఎవరూ వింతగ చూడరు. ఒకాయన ఊదితే పొయ్యి రాజుకోదు. ఒకామె చెయ్యి పెడితే ఎంత తన్నే బర్రె అయినా పాలిస్తది. ఎవరి చేతి గుణం వాళ్లది. ముత్యాలు చేతికి కారం పోయిందట అనుకున్నరు, జలుబు చేసిందట అన్నట్టే, ఇంక తమ పనుల్ల పడ్డరు.

అత్త మాత్రం దిష్టి అన్నది. కోడలు ఎర్రగ బుర్రగ ఉంటది, పనిల చురుకు, లోకం కండ్లు మంచియి కావు. గుప్పిట్ల ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకొని కోడలి సుట్టు తిప్పి నిప్పులల్ల ఏసింది. ఘాటు లేచి అందరికీ దగ్గు వస్తే దిష్టి లేనట్టు. ఘాటు రాకుంటే దిష్టి ఉన్నట్టు. ఆ మిరపకాయలు ముత్యాలు కోసుకొచ్చి ఎండబెట్టినయేనాయె, ఘాటు యాడికెల్లి వస్తది? పొగ లేచింది, దాంట్ల మంట లేదు. "ఓయమ్మ, గింత దిష్టా" అన్నది అత్త. తెల్లారి మళ్ల తీసింది. మూడోనాడు మళ్ల తీసింది. ఇంట్ల కాయ అంత పొయ్యిపాలైనంక దుకాణంల ఒక పాకెట్టు తెచ్చి తీసింది. ఇల్లంత దగ్గిన్రు, పక్కింటోళ్లు కూడా దగ్గిన్రు. "పోయింది పీడ" అని అత్త సంబరంగ బోర్లించిన బిందె మీద కూసున్నది. మూలకు కూసున్న ముత్యాలు తినని అన్నంల నీళ్లు పోసి, లేచి బయట పారబోసింది.

ఆమె ఒంట్ల ఏమైతున్నదో ఎవరికీ పట్టలేదు. పట్టినా తలాతోక కుదరలేదు. పొద్దున తానం, తోటకాడి నుంచి రాంగనే తానం, పండుకునే ముందు తానం. "బోరింగు కొట్టలేక సస్తున్న" అని అత్త సణిగేది. అన్నం ముద్ద దిగేది కాదు. దవాఖానల గ్యాసు అని గోలీలిచ్చిన్రు. ఎనక నుంచి ఎవరన్న పిలిస్తే చేతిల ఉన్నది కింద పడేసేది. డీజిలు వాసన తగిలితే చెవులల్ల హోరు లేచేది. గోడకు ఆనుకొని కూసునే నిద్రపోయేది. నడుమ నడుమ మంచిగనే మాట్లాడేది, చెల్లెకు జడేసేది, పాట కూడా పాడేది. ఆ మంచిగ ఉన్న గడియలే అందరికీ యాదుండేటియి.

తోటల సంగతి వేరే. అక్కడ చేతి గుణం అంటే నడవదు, పైసల యవ్వారం. ఖమ్మంల మిర్చి కొనే సేటు పద్మావతమ్మ పంపిన కాయ కొరికి పక్కకు ఉమ్మిండు. "ఇది మిర్చేనా అమ్మా?" అన్నడట. ఆనాటి నుంచి పద్మావతమ్మ తూకం కాడ కుర్చీ ఏసుకొని, ఒక్కో కూలిమనిషి తట్టల నుంచి ఒక్కో కాయ తీసి కొస కొరికి చూసేది. ముత్యాలు తట్ట కాడ ఆగింది. ఇంకోటి కొరికింది.

"నీ కాయ చప్పగా ఉంది. ఏంటిది?"

"చెయ్యి అట్లయింది అమ్మా."

"బాగయ్యాక రా" అన్నది పద్మావతమ్మ. తిట్టలేదు, కొట్టలేదు. ఆమెది అంతే, మాట కఠినమైనా తూకం నిక్కం.

ఆ పొద్దే బొజ్జయ్య జంపయ్య గుమ్మం కాడికి వచ్చిండు. "మీ ఆడమనిషి చెయ్యి చెడింది జంపయ్యా. అమ్మగారు వద్దంటున్నది. చెల్లెపిల్ల ఖాళీగనే ఉన్నది గదా, సోమారం నుంచి పంపు. కొత్తదైతే ఏమాయె, నేను చూసుకుంట."

జంపయ్య సరేనన్నడు. అత్త చాయ పెట్టి ఇచ్చింది. శ్యామల బావ పాత చొక్కా ఒకటి తీసి ఒంటికి పెట్టుకొని చూసుకున్నది. పొయ్యి కాడి నుంచి ముత్యాలు అది చూసింది. తనకు అయిందాన్ని ఆమె మింగింది, ఎట్లనో మింగింది. ఇది మింగుడు పడలేదు.

బొజ్జయ్య బండి మలుపు తిరిగినంక ఆమె మొగుని ముంగటికి వచ్చి నిలబడ్డది. బియ్యం అయిపోయినయి అన్నట్టే మెల్లగ చెప్పింది.

"మోటరు షెడ్డుల బొజ్జయ్య నన్ను చెరిచిండు. శ్యామల ఆ బండి ఎక్కొద్దు."

జంపయ్య ఆమె దిక్కు చూసుకుంట కూసున్నడు. "ఎప్పుడు?"

"సంత రోజు."

"సంత రోజు నువ్వు పప్పుచారు చేసినవ్."

"అవ్. చేసిన."

"అరవలేదా?"

"నోరు రాలే. కాళ్లు చేతులు నావి కానట్టయినయి. కదలమని చెప్పిన, అవి ఇనలే."

"మరి ఇంటికొచ్చి అన్న ఏడ్వలేదేంది?"

"ఏడుపు రాలే."

జంపయ్య చెడ్డోడు కాదు, అదే ఇక్కడ పెద్ద బాధ. లేచిండు, కూసున్నడు, మళ్ల లేచిండు. "నువ్వు ఏడిస్తే నేను గొడ్డలి పట్టుకొని పోదును. గిట్ల గోడ లెక్క నిలబడి చెప్తే నేనెట్ల పోవాలె?" అన్నడు. మనిషికి కోపం రావాలన్నా పక్కోళ్ల కన్నీళ్లు పెట్టుబడిగ కావాలె కామోసు.

అత్తకు అంత యాతన కూడా లేదు. "బండిల నవ్వుకుంట వచ్చిందని చాంది చెప్పింది. గట్లాంటిది అయిన ఆడది నవ్వుతదా? తన కూలి పోయి చెల్లెకు కూలి దొరికిందని కడుపుమంట" అన్నది. కడుపుమంట అట. ఆ మనిషిల ఏ మంటా లేదనే గదా ఇన్నొద్దులు దిష్టి తీసింది.

"బావా, నేను పోను" అన్నది శ్యామల.

"ఊకో. నేను బొజ్జయ్యను అడుగుత" అన్నడు జంపయ్య. దొంగతనం అయిందా కాలేదా అని దొంగనే అడుగుతడట.

తెల్లారి ముత్యాలు గంగక్క ఇంటికి పోయింది. గంగక్కకు ఊర్ల అందరికన్న ఎక్కువ కోతలు తెలుసు. మొగుడు పోయినంక ఒక్కతే ఉంటది. ఆ పొద్దు వాకిట్ల కూసొని తట్ట అల్లుతున్నది. ముత్యాలు చెప్పింది ఇన్నది. అరిచినవా, ఏడ్చినవా అని అడగలేదు.

"తింటున్నవా?"

"పోతలేదు పెద్దమ్మా."

"నాకు మస్తు ఆకలయ్యేది" అన్నది గంగక్క. "గంజికుండ ఎత్తి తాగేదాన్ని. కడుపొచ్చిందేమో అని మా అమ్మ బెదిరింది."

ముత్యాలు తల ఎత్తింది. "నీకా?"

"తునికాకు కల్లం కాడ. వాడు సచ్చిండులే. నేనేం ఏడ్చిన? తెల్లారి మా మేనమామ కొడుకు పెండ్లికి పోయి డోలుకు ఆడిన. ఒకరు ఏడుస్తరు, ఒకరు నవ్వుతరు. ఒకరు పండితే లేవరు, ఒకరికి కన్నే మూతపడదు. ఒకరు మొగుడు ముట్టుకుంటే వాంతి చేసుకుంటరు. ఒళ్లు దానికి తోచింది అది చేస్తది. మనల్ని అడిగి చేస్తదా?"

"మరి నీ చెయ్యి?"

"సప్పగనే ఉండె. ఏండ్లు. ఒకనాడు కాయ కోసుకుంట కన్ను నలుపుకున్న. భగ్గున మండింది. గట్టు మీద కూసొని ఎంత సంబరపడ్డనో. కన్ను మండినందుకు సంబరపడ్డదాన్ని భూమ్మీద నేనొక్కదాన్నే ఉంట." అల్లే తట్ట పక్కకు పెట్టింది. "బండి పద్మావతమ్మది. అది ఆగాలంటే ఆమె ఆపాలె. మొగోళ్లను నమ్ముకుంటే సోమారం వస్తది, పిల్ల బండి ఎక్కుతది. నడు, ఇయ్యాల శనివారం, తూకం కాడ ఆమె ఉంటది."

తోటల ఆ పొద్దు టార్పాలిన్ పట్టాల మీద కాయ ఎర్రగ పరుచుకొని ఉన్నది. తూకం పక్కన కుర్చీల పద్మావతమ్మ, కాటా కాడ బొజ్జయ్య, తట్టలు దించుకున్న ఆడోళ్లు సుట్టూత. ఇంటి వరండాల పద్మావతమ్మ మొగుడు పేపరు చదువుకుంట కూసున్నడు. ముత్యాలు అందరి నడుమకు వచ్చి, మొగునికి చెప్పినట్టే చెప్పింది. మాట ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. గంగక్క ఆమె పక్కన నిలబడ్డది.

బొజ్జయ్య నవ్విండు. "చూసిన్రా అమ్మా. పనిలకెల్లి తీసేసిన కోపం నా మీద పెడుతున్నది."

పద్మావతమ్మ చెయ్యి ఎత్తి వాణ్ణి ఆపింది. "సంత రోజంటే, నాకు కూడా నీళ్లు పోశావుగా ఆ రోజు?"

"అవ్ అమ్మా, పోసిన."

"చుక్క కింద పడలేదు. నాకు గుర్తుంది."

"పడలేదమ్మా."

"చూడు ముత్యాలూ, నేనూ ఆడదాన్నే. అలాంటిది జరిగిన మనిషి మళ్లీ వచ్చి నీళ్లు పొయ్యదు, కాయ కొయ్యదు. నీ చెయ్యి చెడితే దాన్ని బాగు చేసుకో. మగాడి మీద నింద వేస్తే చేతికి కారం రాదు." గొంతు పెంచకుంటనే లేచింది. "నా తోటలో చెట్టుకి ఏ లోపం లేదు. కాయంటే ఎలా ఉంటుందో చూపిస్తాను రా."

గట్టు దిగి సాలులకు పోయి, చెట్టు నుంచి ఎర్రటి కాయ ఒకటి తుంచి, సగందాకా కొరికింది.

ఆడోళ్లందరూ ఆమె నోరు చూసుకుంట నిలబడ్డరు. తేజ రకం మిర్చి సగం కొరికితే మనిషి ఎగిరి పడాలె. పద్మావతమ్మ నమిలింది. ఇంకా నమిలింది. మింగింది. మొఖంల ఏ మార్పు లేదు. చేతిల మిగిలిన సగాన్ని చూసుకొని అది కూడా నోట్ల ఏసుకున్నది.

ఇంకో చెట్టు కాడికి పోయి ఇంకోటి తుంచింది. సాలు మారింది, ఇంకోటి తుంచింది. గంగక్క మెల్లగ గట్టు దిగి, పద్మావతమ్మ చెయ్యి పెట్టిన చెట్టుదే ఒక కాయ తుంచి ఆమె చేతిల పెట్టింది. అది కొరకంగనే పద్మావతమ్మ కుత్తుక పట్టుకొని దగ్గింది, కొరికింది ఉమ్మింది. గంగక్క కాయ గంగక్క కాయే, మండింది.

ఆ ఇంటికి కోడలై వచ్చినకాన్నుంచి పద్మావతమ్మ చెట్టు మీద చెయ్యి ఏసింది లేదు. కోయించుడే తప్ప కోసుడు ఆమెకు పడలేదు. వంటింట్లకు కూలోళ్లు కోసిన కాయే పోయేది. ఆ చెయ్యి ఎన్నేండ్ల కింద సప్పబడ్డదో, పుట్టింట్లనా, అత్తింట్లనా, కొరికి చూసినోళ్లు ఎవరున్నరు గనక? ఆమెకే తెల్వదు. లేదంటే ఆమెకు తెలుసు, ఇన్నొద్దులు చెయ్యి చెప్పలేదు. ఎవరూ అడగలేదు. అడిగే యవ్వారం కూడా కాదది.

పద్మావతమ్మ గట్టు ఎక్కి వచ్చి మళ్ల కుర్చీల కూసున్నది. చీర కుచ్చిళ్లు సర్దుకున్నది.

"బొజ్జయ్యా, బండి తాళాలు కాటా మీద పెట్టు."

"అదేంది అమ్మా? దాని మాట పట్టుకొని నన్ను ఎల్లగొడతరా? ఒక్క చుక్క కన్నీరన్న పెట్టిందా అది?"

"నేను పెట్టానా?" అన్నది పద్మావతమ్మ.

వరండాల పేపరు వెనకున్న మనిషి పేపరు దించలేదు, పేజీ కూడా తిప్పలేదు. తాళాలు కాటా మీద పడ్డ చప్పుడు అందరికీ ఇనపడ్డది.

ఆ పొద్దే ఆమె ముత్యాలును, గంగక్కను బండిల ఎక్కించుకొని ఠాణాకు పోయింది. తోటల పాలేరు పూల్‌సింగ్ బండి నడిపిండు. బాట పొడుగూతా పద్మావతమ్మ ఒకటే మాట చెప్పింది. "ఏడవమంటే ఏడవకు. జరిగింది చెప్పు, చాలు." అక్కడ రాసుకునే ఆయన అనుకున్నట్టే అడిగిండు.

"ఇన్ని రోజులు ఏం చేసినవమ్మా?"

"కాయ కోసిన సారూ" అన్నది ముత్యాలు.

పద్మావతమ్మ పక్కనుండి కదలలేదు గనక ఆయన రాసుకున్నడు. బొజ్జయ్యను పట్టుకున్నరు. కొన్నొద్దులకే బెయిలు మీద బయటికొచ్చి, ఎర్రుపాలెం దిక్కు ఎవరి తోటలనో మళ్ల మేస్త్రీగ చేరిండు. అక్కడోళ్లకు కూడా ఆడకూలోళ్లు కావాలె గదా, అడిగి తెలుసుకునే తీరిక ఎవరికుంటది? కేసు నడుస్తనే ఉన్నది.

శ్యామల మాత్రం ఆ మనిషి నడిపే బండి ఎక్కలేదు. సోమారం పొద్దున పూల్‌సింగ్ హారన్ కొడితే, అక్క సద్దిగిన్నె చేతికందించి గుమ్మంల నిలబడ్డది. జంపయ్య వచ్చి, "నాకు ముందే అనుమానమున్నది, నిన్ను నమ్మలేదని కాదు" అన్నడు. ముత్యాలు చీపురు అందుకొని వాకిలి ఊడ్చింది. అత్త మాట కూడా మారింది. దిష్టి పెట్టింది బొజ్జయ్య కండ్లేనట, ఆమెకు మొదట్నే తెలుసట. తెలిసినోళ్లకు ఊర్ల ఎన్నడూ కరువు లేదు.

ఇప్పుడు ముత్యాలు మళ్ల పనిలకు పోతున్నది, తోటల ఆమె సాలు పక్క సాలు పద్మావతమ్మది. చీర మీద మొగుని చొక్కా తొడుక్కొని, అరవై దాటిన నడుము వంచి, చేతకాకున్నా కోస్తది. వాళ్లిద్దరి కాయ ఒక్క పట్టా మీద వేరేగ ఎండుతది. సేటు దానికి సగం ధర కూడా పెట్టడు. పెట్టకున్నా అమ్ముతది. ఇంట్ల కూరలకు కూడా ఆ కాయే పోతది. మొగుడు సప్పగున్నదని గిన్నె నూకితే, నూకిన గిన్నె తీసి కడుగుతది తప్ప కారం కలపదు.

మొన్నొకనాడు ముత్యాలు వంగిన కాడనే తల తిప్పి, "అమ్మా, కారం మళ్ల వస్తదట. గంగక్క చెప్పింది" అన్నది.

"ఎన్నేళ్లకట?"

"మస్తు ఏండ్లు పడ్తదట. పది, పదిహేను."

పద్మావతమ్మ కాసేపు కోసింది. "నువ్వు చిన్నదానివి. నీకొస్తుందిలే" అని ముందు చెట్టుకు జరిగింది.